రత్నమ్మ బొటనవేలి కింద మూడు చిల్లులు

హిందూపురంలో తుపాకులు బాగుచేసే షాపులో నా వయసంతా గడిచింది. ఇప్పుడా షాపు నా దగ్గర పని నేర్చుకున్న సుధాకర్‌ది. లైసెన్సు కూడా అతని పేరు మీదే ఉంది. నేను పొద్దున్నే పోయి ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చుంటాను. అడిగితే చెబుతాను, అడగకపోయినా చెబుతాను. ఈ మధ్య అతనే అన్నాడు.

"మేస్త్రీ, నువ్వు చెప్పేదంతా ఒకసారి రాసి పెట్టు. ఈ పనిలోకి వచ్చేటోళ్ళకి పనికొస్తాది. నా చెవులకీ కొంచెం రెస్టు దొరుకుతాది."

అతని చెవుల కోసమే రాస్తున్నాను అనుకోండి.

తుపాకి బాగుచేయడం అంటే పేలని దాన్ని పేలేటట్టు చేయడం అని బయటివాళ్ళు అనుకుంటారు. అది చిన్న పని. పేలే రైఫిలు చూసిన చోటే కొట్టేటట్టు చేయడం అసలు పని. దానికి ముఖ్యంగా రెండు చోట్లు చూసుకోవాలి. వేలు తగిలే ట్రిగ్గరు ఒకటి, ఇనుము కూర్చునే కొయ్య ఇంకొకటి. మా షాపులో ట్రిగ్గరు నేను చూసేవాణ్ణి. కొయ్య నా భార్య రత్నమ్మ చూసేది.

ఆమె పోయి కొన్నేళ్ళయింది. ఆమె చేత్తో చెక్కిన రైఫిళ్ళు ఒకప్పుడు ఈ చుట్టుపక్కల చాలానే ఉండేవి. కొన్నిటిని సొంతదార్లు పోయాక పిల్లలు పోలీసు స్టేషన్లో అప్పగించేశారు. కొన్నిటికి కొయ్య తీసేసి ప్లాస్టిక్ బిగించుకున్నారు. ఒకదాన్ని చెదలు తినేసింది. నాకు తెలిసి ఇంకా వాడకంలో ఉన్నది తలుపుల అనే ఊరి వాళ్ళది ఒక్కటే. పోయిన వానాకాలం అది మా షాపుకు తిరిగి వచ్చింది. అందులో రత్నమ్మ చేసిన పనిని ఉంచాలా, తీసేయాలా అన్నది నేనే తేల్చాల్సి వచ్చింది. ఇన్నేళ్ళ పనిలో అంత కష్టమైన కేసు నాకు ఇంకొకటి తగల్లేదు. అది మీకు అర్థం కావాలంటే ముందు మిగతావి చెప్పాలి.

వేట పోయింది, రైఫిళ్ళు ఉన్నాయి

మేం బాగుచేసేవి చాలావరకు వేట రైఫిళ్ళే. తాతలు వేట కోసం కొన్నవి. వేట ఏనాడో నిషేధమైపోయింది, అది మంచిదే. కొండల్లో మిగిలిన నాలుగు జింకలనైనా బతకనివ్వాలి. ఇప్పుడు ఆ రైఫిళ్ళు పంట కాపలాకో, ఇంటి కాపలాకో లైసెన్సు మీద ఉంటాయి. అడవిపందులు చేను పాడుచేస్తే ఫారెస్టు వాళ్ళు అనుమతి ఇచ్చినప్పుడు మాత్రమే కాల్చాలి. బెంగళూరు వైపు నుంచి పోటీల్లో కాల్చేవాళ్ళు కూడా కొందరు వస్తారు. వాళ్ళకి తెలిసింది కొంచెం, మాట్లాడేది ఎక్కువ. అయినా శుభ్రంగా ఉంచుకుంటారు, అందుకు మెచ్చుకోవాలి.

లైసెన్సు లేని నాటు తుపాకి పట్టుకుని వెనక గుమ్మం దగ్గరకు వచ్చేవాళ్ళు మీకూ తగులుతారు. చుట్టమని చెబుతారు, కాళ్ళు పట్టుకుంటారు. తలుపు వేసేయండి. మొహమాటపడితే ఈ పనిలో ఉండలేరు. చేతిలోకి ఏ తుపాకి వచ్చినా, ఇచ్చినవాడు దేవుడే అయినా, ముందు తెరిచి ఖాళీగా ఉందో లేదో మీ కళ్ళతో మీరే చూసుకోండి.

ఎండిన చెనిక్కాయ

నాకు పని నేర్పిన గోవిందాచారిని మేమంతా పెద్ద మేస్త్రి అనేవాళ్ళం. కోపం ముక్కు మీద ఉండేది. ఆకురాయి బల్ల మీద ఎట్లా పెట్టాలో, ఎట్లా పెట్టకూడదో దానికి కూడా తిట్లు తిన్నాను. కానీ ట్రిగ్గరు గురించి ఆయన చెప్పింది నేను ఇంకెక్కడా వినలేదు.

ట్రిగ్గరు లోపల రెండు చిన్న ఇనుప ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మనం వేలితో నొక్కితే ఆ పట్టు వీడిపోతుంది. ఆ రెండు ముఖాలూ గరుకుగా ఉంటే ట్రిగ్గరు ఈడ్చినట్టు వస్తుంది. అది ఎప్పుడు పేలుతుందో కాల్చేవాడికి తెలియదు. తెలియక వేలు బిగిస్తాడు, వేలితో పాటు రైఫిలూ కదులుతుంది. గురి అక్కడే పోతుంది. నేను నేర్చుకునే రోజుల్లో పెద్ద మేస్త్రి నా చేతిలో ఒక చెనిక్కాయ పెట్టాడు. బాగా ఎండిన వేరుశనగ కాయ.

"దీన్ని నలుపు."

వేళ్ళ మధ్య నొక్కాను. కొంచెంసేపు ఏమీ కాలేదు, తర్వాత టక్కున పగిలింది.

"అట్ల పగలల్ల ట్రిగ్గరు. పచ్చికాయ నలిగినట్ల నలగగూడదు. అర్థమాయెనా?"

అర్థమైంది అన్నాను. చేతికి రావడానికి చాలా కాలం పట్టింది.

ఒకసారి మా ఊరి కాంట్రాక్టరు ఒకాయన వచ్చి ట్రిగ్గరు ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిదని వాదించాడు. "ఊదితే పేలల్ల" అన్నాడు. పెద్ద మేస్త్రి వాదించలేదు. ఖాళీ రైఫిలు తీసుకుని ఆయన కోరినంత తేలిక చేశాడు. బోల్టు వెనక్కి లాగి సిద్ధం చేసి, రైఫిలు వెనక కొసను బల్ల మీద మెల్లగా ఒక తట్టు తట్టాడు. ఎవరూ ట్రిగ్గరు ముట్టుకోకుండానే లోపల టిక్కుమంది.

"ఇది మీ జీపులో మీ పక్కన కూచుంటాది. మీ రోడ్లు యెట్లుంటాయో మీకే తెల్సు గదా" అన్నాడు. ఆ రోడ్లు వేసింది ఆ కాంట్రాక్టరే.

నా మాటగా చెబుతున్నాను. తేలిక ముఖ్యం కాదు. ప్రతిసారీ ఒకే బరువుకు, ఒకే చోట వీడాలి. మనిషి దానికి అలవాటు పడిపోతాడు. తేలికగా చేసి ఇమ్మని ఎంత పెద్దవాడు అడిగినా ఒప్పుకోకండి. ఏదైనా జరిగితే ఆయన పేరు కాదు, మీ పేరు చెబుతారు.

మగ్గం గదిలో రైఫిలు

రైఫిలు గొట్టం, దాని వెనకాల బోల్టు ఉండే భాగం కలిపి కొయ్యలో పొదిగి రెండు మరలతో బిగిస్తారు. ఆ పొదుగు సరిగ్గా ఉండడాన్ని బెడ్డింగ్ అంటారు. పెద్ద మేస్త్రి "పడక" అనేవాడు. పడక కుదరకపోతే పేలిన ప్రతిసారీ ఇనుము కొయ్యలో కొంచెం జరుగుతుంది. ఎక్కడికి జరిగిందో మళ్ళీ అక్కడికే రాదు. ట్రిగ్గరు ఎంత బాగున్నా అప్పుడు ఏ లాభమూ లేదు.

నాకు పెళ్ళయిన కొత్తలో ధర్మవరం నుంచి ఒక పట్టుచీరల వ్యాపారి రైఫిలు వచ్చింది. ఎడమకు కొడుతోందని ఆయన ఫిర్యాదు. మేం గురిచూసే ముక్కును జరిపి సరిచేసి పంపాం. మళ్ళీ వచ్చింది. మళ్ళీ జరిపాం. మా దగ్గర కొన్నాళ్ళుంటే బుద్ధిగా కొట్టేది, ఇంటికి పోతే మళ్ళీ ఎడమకు. పెద్ద మేస్త్రికి వ్యాపారి కళ్ళ మీద అనుమానం వచ్చింది. ఆ మాట వ్యాపారితోనే అన్నాడు కూడా.

రత్నమ్మ పుట్టిల్లు ధర్మవరం. మా మామ మగ్గాలు చేసే వడ్రంగి. ఆమె ఎడమచేతి వాటం చూసి చిన్నప్పుడు తిట్టినా, తర్వాత ఆయనే ఆ చేతికి తగ్గట్టు ఉలి పిడి చేసిచ్చాడు. పండక్కి పుట్టింటికి పోయినప్పుడు ఆ వ్యాపారి ఇంట్లో మగ్గం పని ఏదో ఉంటే తండ్రితో పాటు వెళ్ళింది. తిరిగి వచ్చాక నాకు అన్నం పెడుతూ అడిగింది.

"ఏమయ్యా, మీరు ఒకటే జరుపుతా జరుపుతా ఉండే తుపాకి ఆ చీరల సేటుదేనా?"

"అవును. ఏం?"

"ఆయప్ప దాన్ని మగ్గం గుంత మీదనే గోడకి తగిలించినాడు."

నాకు అర్థం కాలేదు. ఆమే విడమరిచి చెప్పింది. ఎండకు పట్టు పోగు తెగిపోకుండా మగ్గం గదిలో నేత వాళ్ళు నీళ్ళు చల్లుతూ ఉంటారు. ఆ చెమ్మ గోడకీ, గోడ మీది వాటికీ పడుతుంది.

"చెమ్మ తగిల్తే కొయ్య ఒళ్ళు చేస్తాది. మా నాయన మగ్గం చేస్తే దానికని సందు వదుల్తాడు. మీ తుపాకికి సందు యాడుండాది?"

మరునాడు ఆమె మాట పెద్ద మేస్త్రికి చెప్పాను. తిట్టు పడుతుందనే అనుకున్నాను. ఆయన చేతిలోని ఆకురాయి కింద పెట్టి, "ఆయమ్మని పిల్చుకొని రా" అన్నాడు. రత్నమ్మ వస్తూ కొంగులో పట్టు పోగు ఒకటి తెచ్చింది. గొట్టానికీ కొయ్యకీ మధ్య దాన్ని పెట్టి మెల్లగా లాగింది. మధ్యలో ఒకచోట కుడి వైపున పోగు ఆగిపోయింది. ఉబ్బిన కొయ్య అక్కడ గొట్టాన్ని ఎడమకు తోస్తోంది. ఉలి అడిగి తీసుకుని, పోగు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా జారేవరకు గీకింది. వ్యాపారికి గది మార్చమని కబురు పెట్టాం. పెద్ద మేస్త్రి ఆయన కళ్ళ గురించి అన్న మాటకు క్షమాపణ చెప్పలేదు గానీ, ఆ రోజు నుంచి కొయ్య పని రత్నమ్మకే ఇచ్చాడు.

షాపు వెనక గదిలో ఆమె కూర్చునేది. ఇనుముకు ఆముదం దీపం మసి పట్టించి, కొయ్యలో కూర్చోబెట్టి, మళ్ళీ పైకి తీసేది. మసి అంటిన చోట కొయ్య ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ మాత్రమే ఒక్క పొర తీసి మళ్ళీ మసి, మళ్ళీ కూర్చోబెట్టడం. మసి అంతటా సమానంగా అంటుకునేదాకా రోజుల తరబడి అదే పని. ఇప్పుడు రెండు జిగురు మందులు కలిపి పోస్తే తెల్లారేసరికి గట్టిపడి, ఇనుము అచ్చు దిగినట్టు కూర్చుంటుంది. మందు మంచిదే, నేను కాదనను. కానీ ఆ వెనక గదిలో ఉలి కొయ్య మీద నడిచే చప్పుడు, మధ్యలో ఆమె దగ్గు, గాజులకు అంటిన మసి, ఇవన్నీ నాకు కావాలి. ఏ మందు పోస్తే వస్తాయి?

ఎడమచేతి వాటం కాబట్టి ఆమె ఉలి గీతలు ఎడమకు వాలి ఉండేవి. కొయ్య తెరిస్తే చాలు, అది రత్నమ్మ పనో కాదో నాకు తెలిసిపోయేది.

ఆమె గురించి ఇంకొకటి చెప్పాలి. మా మామ పోయిన తర్వాత ధర్మవరం నుంచి ఒక నేతాయన ఆయన చేసిన మగ్గం దూలం తెచ్చాడు. అతుకు దగ్గర పుచ్చింది. రత్నమ్మ రంపం తీసుకుని ఆ అతుకును కోసి పారేసింది. నాకే మనసు ఒప్పలేదు.

"మీ నాయన చేసింది గదా" అన్నాను.

"నేసేటోళ్ళు ఎదురు చూస్తాండారు" అంది, రంపం ఆపకుండానే.

పెనుకొండ క్వారీ

పని అయిన రైఫిలును పరీక్షించడానికి మా లైసెన్సులో ఒక చోటు రాసిచ్చారు. పెనుకొండ దగ్గర రాయి తీయడం ఆపేసిన పాత క్వారీ అది. మూడు పక్కలా నిలువు బండ. స్టేషన్లో చెప్పి, సొంతదారును వెంటబెట్టుకుని పోవాలి. ఎదురుగా మట్టికట్టకు కాగితం గుచ్చి, ఇసుక మూట మీద రైఫిలు ఆనించి, మూడు సార్లు కాలుస్తాం. ఆ మూడూ ఎంత దగ్గరగా పడితే పని అంత బాగా కుదిరినట్టు.

రత్నమ్మ ఒక్కసారే వచ్చింది అక్కడికి. మొదటి తూటాకే చెవులు మూసుకుని జీపు వెనక్కి పోయింది. "ఆ సద్దు నాకొద్దు. కాగితం తెచ్చి చూపి, చాలు" అంది. అప్పట్నుంచి ప్రతిసారీ కాగితం మడిచి ఇంటికి తెచ్చేవాణ్ణి. ఆమె చేయి కడుక్కుని వచ్చి, కాగితం నేల మీద పరిచి, చిల్లుల మీద తన ఎడమ బొటనవేలు ఆనించేది. మూడూ వేలి కింద దాక్కుంటే ఏమీ మాట్లాడకుండా లేచిపోయి సంగటి వడ్డించేది. ఒక్క చిల్లు పక్కన కనిపించినా, "కొయ్య నాకు తెచ్చియ్యి" అనేది. స్కేలుతో కొలుద్దామని నేను ఎన్నోసార్లు అన్నాను. ఆమె వినలేదు. మెల్లగా నేనూ స్కేలు మానేశాను.

మెచ్చుకోలు మాట ఆమె నోట రాదు. సంగటి ముద్ద కొంచెం పెద్దది పడితే అదే మెచ్చుకోలు. ఆ కాగితాలు పొయ్యి రాజెయ్యడానికి వాడేసేది. ఒక్కటీ మిగల్లేదు.

గానుగ నూనె

తలుపుల రైఫిలు హనుమప్ప అనే రైతుది. విలాయతీ వేట రైఫిలు, ఒకటే ముక్క అక్రోటు కొయ్య. దాని పడక రత్నమ్మ మంచి వయసులో ఉన్నప్పుడు చేసింది. ఆయన పోయాక లైసెన్సు కోడలు లక్ష్మీదేవమ్మ పేరు మీదకు మారింది. కొడుకు పేరు మీద ఎందుకు రాలేదని అడిగితే ఆమె నవ్వింది.

"మా ఇంటాయనకి టపాకాయ సద్దన్నా బయమే మామా. చేను మొత్తం నాదే, తుపాకీ నాదే."

పోయిన వానాకాలం ఆమె వచ్చినప్పుడు మాత్రం నవ్వు లేదు. రైఫిలు బల్ల మీద పెట్టి నిలబడే చెప్పింది. చెనిక్కాయ చేలో పందులు పడితే ఫారెస్టు వాళ్ళ అనుమతితో కాల్చింది. గురి చూసింది ఒకచోట, తగిలింది ఇంకొకచోట. గాయపడిన పంది పొదల్లో దూరి, మరునాడు పనికి వచ్చిన కూలీ మల్లేశు మీదికి దూకింది. అతని తొడ చీరేసింది.

"బతికినాడు. నడుస్తాండాడు, కుంటుతాండాడు. నేను సరిగ్గా కొట్టింటే ఆ పంది ఆడనే పడుండేది గదా మామా. దీన్ని బాగుచేస్తే చెయ్యి, లేకుంటే టేసన్లో ఇచ్చేస్తా. చేను బీడు పెట్టేస్తా. ఇంగొకని కాలు నాకొద్దు."

నేనూ సుధాకర్ రైఫిలు విప్పాం. ట్రిగ్గరు లోపల పసుపుపచ్చని జిగురు, వార్నిషులాగా గట్టిపడి ఉంది. వాసన చూశాను. అనుమానం లేదు.

"అమ్మా, దీనికి ఏం నూనె పూసినావు?"

"మా చెనిక్కాయ నూనె మామా. గానుగది. మా చేలోదే, కల్తీ లేంది. ఎలక్షన్లకి టేసన్లో పెట్టల్ల గదా, తుప్పు పడ్తాదని బాగా పోసి పెట్టిస్తి. మా మామ కూడా అట్లనే చేస్తాండె."

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో పెట్టాలి. నెలల తరబడి అవి అక్కడ గోడకు ఆనుకుని నిలబడి ఉంటాయి. మా వైపు చెనిక్కాయ పండించే ఇళ్ళలో చాలామంది చేసే పని ఇది. పసిపిల్లకు తలంటినట్టు ప్రేమగా సొంత నూనె పోసి పంపుతారు. వంట నూనె ఇనుము మీద ఆరి జిగురవుతుంది, ట్రిగ్గరు పట్టేస్తుంది. మిగతా నూనె కిందికి కారి కొయ్యలోకి ఇంకుతుంది. ఆ తప్పుకు ఎవరినీ కోప్పడకండి. ఇంట్లో ఉన్న మంచి నూనే పూశారు. మిషను నూనె ఒక సీసా చేతికిచ్చి, ఒక్క చుక్క చాలని చెప్పి పంపండి.

ట్రిగ్గరు సులభంగానే తేలింది. కిరసనాయిలులో కడిగి, ముఖాలు చూసి సరిచేశాం. సుధాకర్ నొక్కి చూసి, "ఎండిన చెనిక్కాయే మేస్త్రీ" అన్నాడు. కష్టం కొయ్య దగ్గర వచ్చింది. రైఫిలు కింద ఒక ఇనుప పన్ను ఉంటుంది. పేలినప్పుడు వచ్చే దెబ్బంతా అదే కొయ్యకు అందిస్తుంది. సరిగ్గా ఆ పన్ను కూర్చునే చోట కొయ్య నూనె తాగి మెత్తబడిపోయింది. గోరు గుచ్చితే దిగుతోంది. ఆ మెత్తని కొయ్య మీద ఎడమకు వాలిన గీతలు, వరసగా, నిన్న చెక్కినట్టు ఉన్నాయి.

"ఇదంతా తీసేసి మందు పొయ్యల్ల మేస్త్రీ" అన్నాడు సుధాకర్.

"చూద్దాం" అన్నాను.

పెళ్ళికార్డు ముక్క

కొయ్య తీయకుండా గట్టెక్కే దారి ఒకటుంది. ముందు వైపు గొట్టం కింద దళసరి కాగితం ముక్క మడిచి పెడితే ఇనుము కొంచెం బిగుసుకుని కొన్నాళ్ళు బాగానే కొడుతుంది. సుధాకర్ వద్దంటున్నా వినకుండా షాపులో పడి ఉన్న పెళ్ళికార్డు కత్తిరించి పెట్టాను. లక్ష్మీదేవమ్మను తీసుకుని పెనుకొండ పోయాం. ఆమే కాల్చింది. మూడూ దగ్గరదగ్గరగా పడ్డాయి. నా ప్రాణం లేచి వచ్చింది. ఇంకో మూడు కాల్చమన్నాను. గొట్టం వేడెక్కింది, కార్డు అణిగింది, ఆ మూడూ మూడు దిక్కులకు పోయాయి.

ఆమె కాగితం దగ్గరకు నడిచి వెళ్ళి చూసి వచ్చింది.

"ఇది నిలస్తాదా మామా?"

"నిలవదు" అన్నాను.

"మరి ఏం చెయ్యల్ల?"

చేయాల్సింది ఏమిటో చెప్పాను. అక్కడి కొయ్య ఎవరు చెక్కిందో కూడా చెప్పాను. అది చెప్పనవసరం లేదు, నోరు ఆగలేదు. రత్నమ్మ ఆమెకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో మామ హనుమప్పతో షాపుకు వచ్చినప్పుడు రత్నమ్మ చేతి సంగటి తిన్నది. లక్ష్మీదేవమ్మ రైఫిలు వైపు కాసేపు చూసి అంది.

"అత్త చేసిండేది గదా. నీకు ఇష్టం లేకుంటే వద్దులే మామా. ఊరకే టేసన్లో ఇచ్చేస్తా. బాధ పడొద్దు."

ఆమె నా మీద దయతో అన్న మాట అది. తిరుగుదారిలో జీపులో రైఫిలు నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. స్టేషన్ గదిలో గోడకు ఆనించి ఉన్న రైఫిలు నా కళ్ళ ముందు కనిపించింది. అందులో ఆ గీతలు భద్రంగా ఉంటాయి. నూనె ఇంకా లోపలికి పోతూనే ఉంటుంది. ఎవరూ దాన్ని మళ్ళీ విప్పరు. తలుపులలో చేను బీడు పడి ఉంటుంది. రత్నమ్మ ఉంటే రంపం ఆపకుండానే ఏమనేదో నాకు తెలుసు.

"సుధాకర్, మందు ఉండాదా షాపులో?" అని అడిగాను.

"ఉండాది."

ఉలి

తీసేది నేనే తీస్తానన్నాను. ఇంటికి పోయి రత్నమ్మ ఉలి తెచ్చుకున్నాను. ఆమె పోయాక దాన్ని నూనె గుడ్డలో చుట్టి పెట్టానే గానీ ఎప్పుడూ వాడలేదు. కుడిచేతిలో పట్టుకుంటే కుదరలేదు. పిడి ఆమె ఎడమ అరచేతికి అరిగిపోయి ఉంది. నా కుడిచేతికి ఎత్తులన్నీ తప్పు చోట తగులుతున్నాయి. ఉలి జారి వేలికి తగిలింది. సుధాకర్ తన ఉలి ఇవ్వబోయాడు, వద్దన్నాను. ఎడమచేతికి మార్చుకున్నాను. పిడి వెంటనే కూర్చుంది. ఆమె వేళ్ళు ఆనిన గుంటల్లో నా వేళ్ళు పడ్డాయి. నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చాను, సుధాకర్ బయటకు పోయి టీ తాగి వచ్చాడు.

తర్వాత పని మొదలుపెట్టాను. ఎడమచేత్తో నాకు అలవాటు లేదు, మెల్లగా పోయాను. మెత్తబడిన కొయ్య పొరలు పొరలుగా వచ్చింది. వాటితో పాటు ఆమె గీతలూ వచ్చాయి. పొట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ వెనక గదిలో వచ్చే అక్రోటు వాసన కోసం చూశాను. చెనిక్కాయ నూనె వాసన వచ్చింది. ఊడ్చేయమన్నాను.

గట్టి కొయ్య తగిలేదాకా తీశాను. సుధాకర్ లైటు దగ్గర పట్టి వంగి చూశాడు.

"ఇంగా తియ్యల్ల గదా మేస్త్రీ. అవ్వ గీతలు ఈడ ఇంగా ఉండాయే."

నేనూ వంగి చూశాను. అవి ఎడమకు వాలి ఉన్నాయి. ఆమెవి కావు, ఇప్పుడే నేను గీసినవి.

"ఇవి నావి" అన్నాను.

అతను కొయ్యను బల్ల మీద పెట్టాడు. ఇనుముకు మైనం పూశాడు. అది మర్చిపోతే ఇనుమూ కొయ్యా కలిసిపోయి మళ్ళీ విడదీయలేం, ఈ పనిలో కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు అదే. మందు కలిపి ఇచ్చాడు. ఆ గీతల మీద పోసేశాను.

కాగితం

మళ్ళీ పెనుకొండ. లక్ష్మీదేవమ్మే కాల్చింది. మూడు కాల్చి, గొట్టం చల్లారకముందే మూడు కాల్చమన్నాను. వేడి మీద కూడా చెదరలేదు. ఆమె లేచి చీర దులుపుకుని, "ఇంగ చేను బీడు పెట్టను మామా" అంది. ఈసారి నవ్వింది. మిషను నూనె సీసా ఇచ్చి, ఒక్క చుక్క, ఒక్కటే చుక్క అని చెప్పి పంపాం. ఈ ఏడూ చెనిక్కాయే వేసింది. మల్లేశు ఆ చేలోనే పనిచేస్తున్నాడు.

పని నేర్చుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. ట్రిగ్గరు ప్రతిసారీ ఒకేలా వీడాలి. ఇనుము గట్టి కొయ్య మీద కూర్చోవాలి. కొయ్య చెడితే అది ఎవరు చెక్కిందైనా సరే తీయాలి. తీయడానికి చేయి రాని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు ఎదురు చూసేవాళ్ళ ముఖం చూడండి.

మొదటి మూడు చిల్లుల కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను. అలవాటు. చేయి కడుక్కుని, కాగితం నేల మీద పరిచి, నా బొటనవేలు ఆనించాను. మూడూ దాక్కున్నాయి. కానీ నా వేలు లావు. ఆమెది సన్నం. ఆమె వేలి కింద మూడూ దాక్కునేవో, ఒకటి బయటికి కనిపించి "కొయ్య నాకు తెచ్చియ్యి" అనేదో నాకు తెలియదు. కాగితం అట్లాగే పరిచి పెట్టి, చాలాసేపు అక్కడే కూర్చున్నాను.